చెయ్యి నొప్పికి తేలిక రాకెట్ మందు కాదు: స్వింగ్‌వెయిట్ లెక్క

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా పొద్దున్నే టెన్నిస్ కోర్టు పక్కన కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "మోచేయి గుంజుతున్నదా అన్నా? బరువు తక్కువ రాకెట్ తీసుకో, పోతది." మంచి మనసుతో ఇచ్చే సలహానే. కానీ దాన్ని నమ్మి 300 గ్రాముల రాకెట్ పక్కన పెట్టి 260 గ్రాములది కొన్నవాళ్ళలో చాలామందికి నొప్పి తగ్గదు, కొందరికి పెరుగుతుంది. తక్కెడ చూపించే బరువు ఒకటి, ఊపేటప్పుడు చేతికి తగిలే బరువు ఇంకొకటి కావడమే దీనికి కారణం. ఆ రెండోదాని పేరు స్వింగ్‌వెయిట్.

ఇంట్లో గొడ్డలి ఉంటే ఇప్పుడే చూడొచ్చు. కామ చివర పట్టుకొని ఒకసారి ఊపండి. తర్వాత తిరగేసి, ఇనుము దగ్గర పట్టుకొని కామను ఊపండి. తూకంలో గ్రాము కూడా మారలేదు. కానీ మొదటిసారి జబ్బ లాగుతుంది, రెండోసారి పుల్ల ఊపినట్టు ఉంటుంది. బరువు చేతికి ఎంత దూరంలో ఉందన్నదే అసలు సంగతి. పైగా ఆ దూరం మామూలుగా లెక్కకు రాదు, వర్గమై వస్తుంది. దూరం రెట్టింపైతే భారం నాలుగింతలు.

రాకెట్ల లెక్కలో పిడి అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర, అంటే దాదాపు అరచేయి పట్టే చోట, ఒక ఇరుసు ఉందనుకుంటారు. రాకెట్‌లోని ప్రతి గ్రామునూ ఆ ఇరుసు నుంచి దానికున్న దూరపు వర్గంతో గుణించి అన్నీ కలిపితే వచ్చేదే స్వింగ్‌వెయిట్. బరువు కిలోల్లో, దూరం సెంటీమీటర్లలో తీసుకుంటారు. కోర్టులో మాత్రం యూనిట్ చెప్పకుండా "నాది 320" అంటారు. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ళకు 290 నుంచి 310 నప్పుతుంది. వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్ళు ఎక్కువగా 310–325 మధ్య ఉంటారు. స్వింగ్ నిలకడగా, శరీరం గట్టిగా ఉన్నవాళ్ళు 330 దాకా, ఆపైకి కూడా వెళ్తారు. 350 దాటిన రాకెట్‌తో ఆడే ప్రొఫెషనల్స్ ఉన్నారు. వాళ్ళ అంకె చూసి మన రాకెట్‌కు బరువు అంటించడం మాత్రం వద్దు.

ఒక్క గ్రాము ఎక్కడ పెడితే ఎంత పెరుగుతుందో తెలిస్తే సగం విషయం తెలిసినట్టే. మామూలు 27 అంగుళాల రాకెట్ పొడవు 68.5 సెంటీమీటర్లు. తల కొసన, గడియారంలో 12 ఉండే చోట, ఒక గ్రాము పెడితే స్వింగ్‌వెయిట్ 3.4 పెరుగుతుంది. పక్కన 3, 9 ఉండే చోట్ల అయితే గ్రాముకు 1.9 దాకా. కొమ్ములు పిడితో కలిసే గొంతు దగ్గర 0.6. పిడి అడుగున 0.1 మాత్రమే. అంటే తల కొసన పెట్టిన 3 గ్రాములు 10 పెంచుతాయి, పిడి లోపల 20 గ్రాములు నింపినా 2 కూడా పెరగదు. తల గీసుకుపోకుండా బంపర్ (తల పైఅంచుకు ఉండే ప్లాస్టిక్ పట్టీ) మీద దళసరి టేపు చుట్టేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మన సిమెంటు కోర్టుల మీద అది అవసరమే అనిపిస్తుంది కానీ, తెలియకుండానే రాకెట్ మారిపోతుంది.

ఇక బ్యాలెన్స్ అంకె, అంటే రాకెట్ ఎటూ ఒరగకుండా నిలిచే చోటు పిడి అడుగు నుంచి ఎంత దూరమో చెప్పేది. దాన్ని ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. 320 గ్రాముల రాకెట్ బ్యాలెన్స్ 33 సెంటీమీటర్లు అనుకుందాం. దాని పిడికి 5 గ్రాముల ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద చుట్టే పలుచని పట్టీ) చుడితే బ్యాలెన్స్ మూడున్నర మిల్లీమీటర్లు పిడివైపు జరుగుతుంది. "తల తేలికైంది" అంటారు. తల అణువంత కూడా తేలిక కాలేదు, స్వింగ్‌వెయిట్ ఉన్నచోటే ఉంది. రబ్బరు గ్రిప్ తీసి తోలు గ్రిప్ వేసినా ఇదే జరుగుతుంది. చేతిలో పట్టుకొని నిలబడితే హాయిగా ఉంటుంది, బంతి మీదికి తిప్పితే పాత రాకెట్టే.

కొనేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కంపెనీలు ఫ్రేమ్ మీద వేసే బరువు, బ్యాలెన్స్ గట్టింగ్ (తీగ కట్టడం) లేనప్పటివి. గట్టింగ్ చేశాక దాదాపు 16 గ్రాముల తీగ చేరుతుంది. అదంతా తలలోనే కాబట్టి స్వింగ్‌వెయిట్ 30 దాకా పెరుగుతుంది, బ్యాలెన్స్ సెంటీమీటరు దాకా పైకి పోతుంది. ఒకచోట 290 అని, ఇంకోచోట 320 అని కనిపిస్తే అవి వేరు రాకెట్లు కాకపోవచ్చు. ఒకటి తీగ లేని లెక్క, ఒకటి తీగతో లెక్క. ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్ళు ముందు ఇది తేల్చుకోవాలి. ఒకే మోడల్, ఒకే రంగు, ఒకే రోజు కొన్న రెండు రాకెట్ల మధ్య కూడా 10 తేడా ఉండొచ్చు. 8, 10 తేడా అంటే చాలామంది చేతికి తెలిసిపోతుంది.

తూకానికీ ఊపుకీ ఉన్న దూరం చూడాలంటే అందరికీ తెలిసిన రెండు రాకెట్లు చాలు. బాబొలాట్ ప్యూర్ డ్రైవ్ తీగ లేకుండా 300 గ్రాములు. ఫెదరర్ పేరుతో వచ్చిన విల్సన్ ప్రో స్టాఫ్ ఆర్ఎఫ్ 97 అలాగే 340 గ్రాములు. తూకంలో 40 గ్రాముల తేడా, అంటే వందకు పదమూడు పైనే. కానీ తీగతో స్వింగ్‌వెయిట్ చూస్తే మొదటిది 320 దగ్గర, రెండోది 335–340 దగ్గర, వందకు ఐదారు మాత్రమే. ఫెదరర్ రాకెట్‌లో అదనపు బరువులో ఎక్కువ భాగం పిడివైపు ఉంటుంది. అదే 275 గ్రాముల తేలిక రాకెట్‌కు తల పెద్దదిగా, బరువంతా పైన ఉంటే దాని స్వింగ్‌వెయిట్ కూడా 320 దాకా రావచ్చు. తక్కెడ మీద తేలిక, ఊపితే గొడ్డలి.

ఆటలో ఏం మారుతుంది? బంతి తీగల మీద ఉండేది సెకనులో వెయ్యోవంతులు నాలుగైదు మాత్రమే. 56 నుంచి 59 గ్రాముల బంతి వేగంగా వచ్చి తగిలినప్పుడు రాకెట్ తల ఎంత వెనక్కి తగ్గుతుందన్నది స్వింగ్‌వెయిట్ మీద ఉంటుంది. ఎక్కువ ఉంటే తల నిలబడుతుంది, బంతి లోతుగా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర పడుతుంది, వాలీలో (బంతి నేల తాకకముందే కొట్టేటప్పుడు) రాకెట్ అడ్డం పెడితే చాలు బంతి వెళ్ళిపోతుంది. తక్కువ ఉంటే తల త్వరగా తిరుగుతుంది, చివరి క్షణంలో సర్దుకోవడానికి వీలుంటుంది, కానీ బలమైన బంతికి తల లొంగిపోయి షాట్ నెట్‌కు దగ్గరగా, సర్వీస్ బాక్స్‌లోనే పడుతుంది. బరువు పెరిగినంత నిష్పత్తిలో స్వింగ్ వేగం పడిపోదు, అంతకన్నా తక్కువే తగ్గుతుంది. అందుకే సమయానికి తిప్పగలిగిన చేతికి కొంచెం బరువు లాభమే. అలసట వచ్చేదాకా. మొదటి సెట్‌లో బాగున్న 330, మూడో సెట్‌లో సర్వ్‌ను నెట్‌లోకి దింపుతుంటే అది ఆ చేతికి ఎక్కువైనట్టే.

గాయాల దగ్గర చాలామంది పొరబడతారు. స్వింగ్‌వెయిట్ ఎక్కువైనా దెబ్బే, తక్కువైనా దెబ్బే. కాకపోతే ఆ రెండు దెబ్బలు వేరువేరు చోట్ల తగులుతాయి.

తక్కువైనప్పుడు: తల లొంగినప్పుడు ఆ కుదుపు పిడిలోకి, అక్కడినుంచి అరచేతికి, ముంజేతికి వస్తుంది. బంతి మధ్యలో కాకుండా పక్కన తగిలితే రాకెట్ చేతిలో మెలి తిరుగుతుంది, ఆపడానికి పిడిని గట్టిగా బిగిస్తాం. షాట్ లోతుగా పోవడం లేదని ఇంకా బలంగా కొడతాం. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు మోచేయి బయటి బొడిపె దగ్గర ఎముకకు అతుక్కుంటాయి. భారమంతా ఆ చిన్న చోటు మీదే పడుతుంది. అదే టెన్నిస్ ఎల్బో. 2004లో సచిన్‌కు వచ్చాక మన దగ్గర టెన్నిస్ చూడనివాళ్ళకు కూడా ఈ పేరు తెలిసింది. తేలికగా, గట్టిగా ఉండే ఫ్రేమ్‌కు పాలిస్టర్ తీగ బిగించి కట్టించడం మోచేతికి అన్నిటికన్నా చెడ్డ కలయిక అని నేను గట్టిగా చెబుతాను.

ఎక్కువైనప్పుడు: రాకెట్ ఆలస్యంగా వస్తుంది. బంతి శరీరానికి ముందు కాకుండా పక్కనో, వెనకనో తగులుతుంది. కుడిచేతివాళ్ళ ఫోర్‌హ్యాండ్ వద్దన్నా కుడివైపుకు పోతుంటే ఇదే గుర్తు. ఆలస్యాన్ని పూడ్చడానికి మణికట్టుతో గుంజుతాం, ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో మోచేయిని ముందుకు నెడతాం. సర్వ్‌లో భుజం లోపలి చిన్న కండరాలు రాకెట్‌ను పైకి విసరడమే కాదు, కొట్టాక దాన్ని ఆపాలి కూడా. నొప్పి ఆపేటప్పుడే మొదలవుతుంది. భుజం ముందువైపు, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర, మోచేయి లోపలివైపు నొప్పులు వస్తుంటే ముందు బరువును అనుమానించండి. బయటివైపు మోచేయి అయితే ముందు తీగను, గట్టి ఫ్రేమ్‌ను, మరీ తేలిక తలను అనుమానించండి.

స్వింగ్‌వెయిట్ కన్నా ముందు సరిచేయాల్సినవి కూడా ఉన్నాయి. పాలిస్టర్ తీగ తెగకముందే చచ్చిపోతుంది. పది, పదిహేను గంటల ఆట దాటితే దాని సాగుడు పోతుంది. గట్టింగ్ కోసం వంద కిలోమీటర్లు హైదరాబాద్ పంపాలి కదా అని తెగేదాకా ఆడితే ఆ ఖర్చు మోచేయి భరిస్తుంది. వారాంతాల్లో ఆడే చేతికి మల్టీఫిలమెంట్ (సన్నని పోగులు పేనిన మెత్తటి) తీగ 50–54 పౌండ్ల బిగువుకు, పాలిస్టరే కావాలంటే 45–48కి కట్టించడం మంచిది. బంతులు కూడా చూడండి. ఒక డబ్బా మూడు బంతులతో నెల రోజులు ఆడితే అవి లేవవు, లేపడానికి చెయ్యి రెట్టింపు పని చేస్తుంది. తీగల మధ్య పెట్టే రబ్బరు డ్యాంపెనర్ తీగ మోతను ఆపుతుంది కానీ ఫ్రేమ్ నుంచి చేతికి వచ్చే కుదుపును ఆపదు. ఎల్బోకు మందని దాన్ని కొనకండి. ఇక మన ఎండలు. ఏప్రిల్, మేలో ఏడు గంటలకే అరచేయి తడిసిపోతుంది. పిడి జారుతుందేమోనని తెలియకుండానే రెండింతలు బిగిస్తాం. ఆ రెండు నెలలు ఓవర్‌గ్రిప్ వారానికొకటి మార్చినా తప్పులేదు. ఎండలో పెట్టిన కారులో రాకెట్ వదిలేస్తే తీగ బిగువు సడలుతుంది, బరువు పెంచడానికి అంటించిన సీసం టేపు జిగురు కరిగి పక్కకు జారుతుంది.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. "ఎట్లాగూ పెరుగుతాడు కదా" అని పదేళ్ళవాడికి 27 అంగుళాల పెద్ద రాకెట్ ఇప్పించకండి. 21, 23, 25, 26 అంగుళాల రాకెట్లు ఉన్నవి అందుకే. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ చుక్కల నెమ్మది బంతులు కూడా. పెద్ద రాకెట్టే ఉంది, ఇంకోటి కొనే పరిస్థితి లేదంటే ఒక ఉపాయం ఉంది: పిడిని రెండున్నర సెంటీమీటర్లు పైకి పట్టుకోమనండి. 315 గ్రాములు, 32.5 సెంటీమీటర్ల బ్యాలెన్స్, 320 స్వింగ్‌వెయిట్ ఉన్న రాకెట్‌ను అలా పట్టుకుంటే ఆ చేతికి అది 287 మాత్రమే. పైసా ఖర్చు లేకుండా 33 తగ్గింది. పెద్దవాళ్ళు కూడా, భుజం బాగులేని రోజున, ఇలా పట్టుకొని ఆడి చూడొచ్చు. బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందా లేదా అన్నది కొత్త రాకెట్ కొనకముందే తెలిసిపోతుంది.

కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. సైకిల్ చువ్వ ఒకటి, స్కేళ్ళు రెండు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, డిజిటల్ తూకం చాలు. వంటింటి తూకం లేకపోతే బంగారం షాపులో తూచి ఇమ్మంటే ఇస్తారు. తీగతో, గ్రిప్‌తో, ఆడేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే తూచండి. తర్వాత స్కేలు అంచు మీద రాకెట్‌ను అడ్డంగా నిలబెట్టి, ఎటూ ఒరగని చోట గుర్తు పెట్టి, పిడి అడుగు నుంచి అక్కడిదాకా కొలవండి. అది బ్యాలెన్స్. మిల్లీమీటరు తప్పితే ఫలితం ఒకటిన్నర దాకా తప్పుతుంది కాబట్టి రెండుసార్లు చూడండి.

ఇప్పుడు పిడి అడుగు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దగ్గర చువ్వను పిడికి అడ్డంగా, తీగల ముఖానికి సమాంతరంగా పెట్టి టేపుతో కదలకుండా చుట్టండి. రెండు స్కేళ్ళను ఆరు సెంటీమీటర్ల ఎడంతో, బల్ల అంచు నుంచి పదిహేను సెంటీమీటర్లు బయటికి వచ్చేట్టు పెట్టి, పైన లావు పుస్తకాలు బరువు ఉంచండి. పిడిని ఆ సందులో నిలిపి చువ్వ కొసలను రెండు స్కేళ్ళ మీద ఆనిస్తే రాకెట్ తల కిందికి వేలాడుతుంది. నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే వెనక్కి లాగి వదలండి. బల్లవైపు, మనవైపు ఊగాలి, పక్కలకు కాదు. పోయి రావడం కలిపి ఒక ఊపు. తల కింద కొస మధ్యకు వచ్చినప్పుడు సున్నా అని మొదలుపెట్టి ఇరవై ఊపులకు ఎంత పట్టిందో చూడండి. ఫ్యాన్ ఆపండి. తీగల ముఖం వెడల్పు కాబట్టి పైనుంచి వచ్చే గాలికి ఊపు మారిపోతుంది, ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. మూడుసార్లు చేసి సగటు తీయండి.

లెక్క ఇది: ఒక ఊపు సమయపు వర్గాన్ని కిలోల్లో బరువుతో గుణించాలి. దాన్ని బ్యాలెన్స్ లోంచి 10 తీసేయగా మిగిలిన సెంటీమీటర్లతో, తర్వాత 24.84తో గుణించాలి. ఉదాహరణకు 315 గ్రాముల రాకెట్, బ్యాలెన్స్ 32.5, ఇరవై ఊపులకు 27 సెకన్లు. ఒక ఊపు 1.35 సెకన్లు, దాని వర్గం 1.8225. దాన్ని 0.315తో, 22.5తో, 24.84తో గుణిస్తే 321. జాగ్రత్తగా చేస్తే నాలుగైదుకు మించి తప్పదు. ఒకే రోజు రెండు రాకెట్లు కొలిస్తే వాటి మధ్య తేడా ఇంకా నిక్కచ్చిగా వస్తుంది.

పెంచాలంటే సీసం టేపు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు టేపు పది సెంటీమీటర్లు దాదాపు ఒక గ్రాము. ఒకేసారి 10 పెంచకండి. తల కొసన ఒక గ్రాము, అంటే మూడున్నర, పెట్టి వారం ఆడండి, తర్వాతే ఇంకోటి. రాకెట్ మెలి తిరగడమే బాధ అయితే 3, 9 దగ్గర చెరో రెండు గ్రాములు పెట్టండి. స్వింగ్‌వెయిట్ ఏడున్నర పెరుగుతుంది, మెలికకు నిలబడే గుణం కూడా పెరుగుతుంది. టేపును బంపర్ కిందికి దూర్చడమో, పైన గుడ్డ టేపు వేయడమో చేస్తే ఎండకు జారదు. సీసం విషం. అంటించాక చేతులు సబ్బుతో కడగాలి, ముక్కలు పిల్లలకు అందనీయొద్దు. కారు చక్రాలకు వీల్ బ్యాలెన్సింగ్ చేసే షాపుల్లో దొరికే 5 గ్రాముల అతుకు ముక్కలు పిడి లోపలికి పనికొస్తాయి, తలకు మాత్రం వద్దు. దళసరిగా ఉంటాయి, సర్వ్‌లో ఊడి ఎగురుతాయి. పిడిలో పెట్టేటప్పుడు కదలకుండా దూది కుక్కండి.

తగ్గించడం కష్టం. ఫ్రేమ్‌ను చెక్కలేం కదా. బంపర్ మీది టేపు, డ్యాంపెనర్ తీసేయొచ్చు. తీగ ఒక గేజ్ (మందపు కొలత) సన్నది వేస్తే గ్రాము, గ్రామున్నర తగ్గి రెండు మూడు పడుతుంది. అది చాలదంటే పిడి పైకి పట్టడమో, వేరే రాకెట్టో తప్ప దారి లేదు.

మోచేయి బయటివైపు ఇప్పటికే నొప్పి ఉంటే, అరచేయి కిందికి పెట్టి నీళ్ళ చెంబు ఎత్తినప్పుడో, తడిబట్ట పిండినప్పుడో అది ముల్లులా గుచ్చుతుంది. అప్పుడు ఆట తగ్గించి, ముంజేయిని అరచేయి కిందికి ఉండేట్టు బల్ల మీద ఆనించి, మణికట్టు అంచు బయట ఉంచి, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకోండి. రెండో చేత్తో సాయం పట్టి పైకి ఎత్తి, నొప్పి ఉన్న చెయ్యి ఒక్కదానితో నాలుగైదు సెకన్లు నెమ్మదిగా దించండి. పదిహేనేసి చొప్పున మూడు విడతలు, రోజూ. కొంచెం లాగినట్టుంటే పర్వాలేదు, గుచ్చితే ఆపండి. వేళ్ళు తిమ్మిరెక్కినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, రెండు వారాలైనా తగ్గకపోయినా ఎముకల డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో కలవండి. రాకెట్ మార్పులు అప్పటిదాకా ఆగుతాయి.

మ్యాచ్‌లు ఆడేవాళ్ళకు ఇంకో పని ఉంది: రెండు రాకెట్లను ఒకటి చేయడం. మొదటిది 312 గ్రాములు, బ్యాలెన్స్ 32.4, స్వింగ్‌వెయిట్ 318 అనుకుందాం. రెండోది 308, 32.3, 311. ముందు స్వింగ్‌వెయిట్ సరిచేయాలి. రెండోదాని తల కొసన 2 గ్రాములు పెడితే అది 318కి వస్తుంది, బరువు 310 అవుతుంది, బ్యాలెన్స్ 32.5కు జరుగుతుంది. మిగిలిన 2 గ్రాములు పిడిలో, అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర, గ్రిప్ కింద చుట్టండి. ఇరుసు మీదే పెట్టాం కాబట్టి స్వింగ్‌వెయిట్ కదలదు. బరువు 312, బ్యాలెన్స్ 32.4. తల దగ్గర మొదలుపెట్టి పిడితో ముగించాలి. పిడితో మొదలుపెడితే బ్యాలెన్స్ వెంట తిరుగుతూ టేపు మొత్తం ఖర్చు చేస్తాం.